అప్‌డేట్: పర్లాకిమిడి నర్సింగ్‌హోమ్ ఓపీ కౌంటర్‌లో సిబ్బంది సర్దుబాటు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను పనిచేసే నర్సింగ్‌హోమ్‌లో ఓపీ (బయటి రోగుల) రద్దీకి కొత్తవారిని తీసుకోవాలా, ఉన్నవారితోనే సర్దుకోవాలా అని ఇంతకుముందు అడిగాను. రోజువారీ సగటును పక్కనపెట్టి గంటలవారీగా చూడమని మీరు సూచించిన మేరకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నమోదైన ఓపీ చీటీల సమయాలను, హాజరుపట్టీని ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి చూశాము.

రోజు మొత్తానికి సిబ్బంది సరిపోతున్నారు. అయితే సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి ఉదయపు బస్సులు వచ్చే వేళకు, ముఖ్యంగా సోమవారాల్లో, కౌంటర్‌లో ఒక్కరే ఉంటున్నారు. 1909లో డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలుపెట్టిన, వరుసల్లో నిరీక్షణను లెక్కగట్టే క్యూ సిద్ధాంతం ప్రకారం, ఒకే కౌంటర్ ఉండే సాధారణ నమూనాలో పనిభారం (కౌంటర్ పనిలో ఉండే సమయం) 80 శాతమైతే సగటున 4 మంది రోగులు, 90 శాతమైతే 9 మంది అక్కడ ఉంటారు. ఖాళీగా కూర్చున్న మనిషి కనబడితే చాలు ప్రాణం ఉసూరుమనే మా యజమానిని ఒప్పించింది ఈ ఒక్క లెక్కే.

నియామకం వాయిదా వేసి, రెండో ఉద్యోగి డ్యూటీని ముందుకు జరిపాము. ఉదయపు వరుస గుమ్మం దాటడం లేదు. ఆ వేళ ఒడియా, తెలుగు రెండూ వచ్చినవారే ఉండాలన్న సంగతి మాత్రం ఏ పట్టికలోనూ లేదు, కౌంటర్‌లోని అమ్మాయే చెప్పింది. మధ్యాహ్నపు రద్దీకి సెలవుల వివరాలు కూడా కలిపి చూడవలసి ఉంది.