పాత ట్రాలర్ కొని తాబేళ్ల గస్తీకి వాడొచ్చా?

తీరగస్తీ: వేట మానేసిన 16 మీటర్ల స్టీల్ ట్రాలర్ (వల ఈడ్చే మరబోటు) ఒకటి జువ్వలదిన్నె వైపు బేరానికుంది. తీరానికి 8 కిలోమీటర్ల లోపల వల లాగే బోట్లను వీడియో తీసి మత్స్యశాఖకిచ్చే పనికి, ఊళ్లన్నీ చందాలేసుకుని కొనాలని ఆలోచన. కొనొచ్చా?

రేకుపని: కొనొచ్చు. పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ల ఓడ, మొదటి రెయిన్‌బో వారియర్ 1955లో కట్టిన ట్రాలరే. కాకపోతే అడ్వాన్సు ఇవ్వకముందే ఒడ్డుకెక్కించి అల్ట్రాసోనిక్ గేజీతో రేకు మందం కొలిపించండి. నీటిగీత వెంట, చేపల గది అడుగున, స్టెర్న్ ట్యూబ్ (వెనక ఫ్యాను ఇరుసు బయటికొచ్చే గొట్టం) చుట్టూ తప్పనిసరి. 6 మి.మీ. రేకు 4.5కి దిగితే నాలుగో వంతు పోయినట్టే. అక్కడ కోసి కొత్త రేకు వెయ్యాలి, పైన అతుకు వేస్తే మధ్యలో నీళ్లు నిలుస్తాయి. చేపల గది గోడల్లో ఫోమ్ ఉంటుంది. అది పీకకుండా బయట వెల్డింగ్ పెడితే లోపల రగులుకుంటుంది, ఆ పొగలో సైనైడ్ వాయువు ఉంటుంది. గదిలోకి దిగేముందు బ్లోయరు పెట్టండి, కుళ్లు నీళ్ల గ్యాసుకి మనిషి నిలువునా పడిపోతాడు. ఇక ఐసూ చేపా లేకపోతే అడుగున బరువు తగ్గుతుంది. కేబిన్ పైన సోలార్ పలకలు, మాస్టు పెంచితే బోటు దొర్లుతుంది. అడుగున కాంక్రీటు పోస్తే సరి.

పడమటిగాలి: కాంక్రీటు ఏందన్నా! రేకుకీ దానికీ మధ్య సందు పడి ఉప్పునీళ్లు దిగితే, పైకి కనపడకుండా తినేస్తాది. ఇనప దిమ్మెలు బోల్టులతో బిగించాల, విప్పి చూసుకునేట్టుండాల. రెయిన్‌బో వారియర్ అంటివే, మూడోదాన్ని 2011లో కొత్తగా కట్టించుకున్నారు. అది చెప్పవే?

రేకుపని: రేకు శుభ్రంగా గీకి, రంగేసి పోస్తే కాంక్రీటు అతుక్కునే ఉంటుంది. దిమ్మె జారితే బోటు ఒక పక్కకి ఒరిగిపోతుంది, అదెవరు చూస్తారు?

పడమటిగాలి: బోల్టు బిగిస్తే యాడికి జారతాది? రంగు ఎన్నాళ్లుంటాది?

కొత్తపట్నం: డీజిల్ ఎవరు పోస్తారు?

లెక్కలరాయుడు: కాంక్రీటో ఇనుమో తర్వాత, ముందు ఎంత బరువు కావాలో తేల్చండి. తెలిసిన బరువును డెక్కు మీద అడ్డంగా జరిపి, లోలకం ఎంత ఒరిగిందో కొలిచే పరీక్ష ఉంది. గాలి, అలలు లేనప్పుడు, ట్యాంకులు పూర్తిగా నింపో ఖాళీ చేసో చెయ్యాలి. సగం ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కదిలితే లెక్కంతా తప్పు. రబ్బరు బోటును డెరిక్‌తో (బరువులెత్తే చెయ్యి) ఎత్తేటప్పుడు దాని బరువు డెరిక్ కొన మీదున్నట్టే లెక్కెయ్యండి. చేపల బోటుగా రిజిస్టరైన దాన్ని వాడకం మార్చి రాయించకపోతే ఇన్సూరెన్సు కూడా దక్కదు.

పడమటిగాలి: ఇంత చేసినా వేగం 8, 9 నాట్లకి (గంటకి 15, 16 కిలోమీటర్లు) మించదు. వల ఎత్తేసి పోయేదాన్ని ఇది యాడ పట్టుకుంటాది?

తీరగస్తీ: పట్టుకోవడం మన పని కాదు. వల లాగేటప్పుడు వాళ్లదీ 3 నాట్ల నడకే. బోటు నంబరు, జీపీఎస్ స్థానం, టైము ఒకే ఫ్రేములో పడితే చాలు. జనవరి నుంచి మార్చి దాకా కచ్చితంగా తిరగాలి. తాబేళ్లు గుడ్లకొచ్చేది అప్పుడే. వేట నిషేధం ఏప్రిల్ 15కి గాని రాదు.

పడమటిగాలి: తమిళనాడు బోట్ల నంబర్లే కదా?

రేకుపని: ఎవరిదైనా. టేకు చేపలకు (బల్లపరుపుగా ఉండే రే చేపలు) వేసే పెద్ద కన్ను వలల్లో తాబేళ్లు ఊపిరాడక చావట్లేదా? రాత్రంతా వదిలేసిన వలను కూడా వీడియో తియ్యాలి.

పడమటిగాలి: ఇదా అసలు సంగతి! ట్రాలర్లు మా వలల్ని కోసుకుపోతుంటే నష్టం మాది, కెమెరా కూడా మా మీదికేనా? పూటకి పూట వల వేసేవాడూ, లక్షల బోటువాడూ ఒకటేనా?

తీరగస్తీ: ఒకటి కాదు. మన వలలోళ్ల నంబరు శాఖకివ్వం. గుడ్ల తీరాల ముందు ఆ మూడు నెలలు టేకు వల వెయ్యకుండా, వేసినా రాత్రంతా ఉంచకుండా పాలెం పెద్దలతో మాట్లాడదాం.

రేకుపని: ఒకరికి కేసు, ఒకరికి మాటలా? ఒక వైపు వీడియోలే ఇస్తే శాఖ మనల్ని నమ్మదు.

పడమటిగాలి: అట్లైతే మా పాలెం చందా రాసుకోబాకండి.

రేకుపని: అన్ని వలలనూ వీడియో తీస్తామని కాగితం మీద పెట్టండి. అప్పుడే గేజీ పట్టుకొని వస్తా.