అప్‌డేట్: ట్రాక్టర్ వెనకాల కొంగలు

పోయిన వారం అడిగాను కదా, దమ్ము చేస్తుంటే (నాట్లకి ముందు నీళ్ళు పెట్టిన వరి మడిని బురదగా దున్నుతుంటే) ట్రాక్టర్ వెనకాలే గుంపులుగా కొంగలు వస్తున్నాయి, తోలేయాలా వద్దా అని. చాలామంది వదిలేయమన్నారు, సరే అని నిన్న పొద్దున్నే గట్టు మీద కూర్చుని చూశా.

మీరు చెప్పిందే నిజం. కేజ్ వీల్స్ (దమ్ముకి ట్రాక్టర్‌కి బిగించే ఇనప చక్రాలు) మట్టిని తిరగేయగానే ఇలకోళ్ళు, పురుగులు, చిన్న చిన్న కప్పలు పైకి తేలతాయి, అవి మళ్ళీ దూరేలోపే టక్కున పొడిచేస్తున్నాయి, గింజ జోలికి పోయింది ఒక్కటీ లేదు. తల, మెడ నారింజ రంగులో ఉన్నవి వేరే జాతి అనుకున్నా, కాదంట, పశువుల కొంగలేనంట, గుడ్లు పెట్టే సీజన్లో అలా రంగు తిరుగుతాయంట. నల్ల ముక్కు, పసుపు పాదాలు ఉన్నవి మాత్రం వేరే, చిన్న తెల్లకొంగలు, అవి నీళ్ళు నిలిచిన చోటే తిరుగుతున్నాయి.

ఒకటైతే చక్రానికి జానెడు దూరంలో నిలబడింది, నా గుండె ఆగినంత పనైంది, డ్రైవర్ మాత్రం "ఏం కాదండి, వాటికి మనకన్నా బాగా తెలుసు" అని నవ్వేశాడు. నిజంగానే ఆఖరి క్షణంలో ఎగిరి వెనక్కి వాలింది.

ఇంగ్లండ్‌లో ఉన్న మా బావకి వీడియో పంపితే అక్కడ దుక్కి దున్నేటప్పుడు సముద్రపు కాకులు (సీగల్ పక్షులు) ఇలాగే వస్తాయన్నాడు, ఎక్కువగా వానపాముల కోసమంట.

మా నాన్నేమో "ఒకప్పుడు ఎద్దుల వెనకాల వచ్చేవిరా, ఇప్పుడు ఎద్దులేవి" అన్నాడు. మొత్తానికి తోలట్లేదు. రేపు రెండో చాలు దమ్ము, ఫోటోలు తీస్తా.