తడి ఆరని కింది దవడ పళ్లకు సీలెంట్: రెసినా, గ్లాస్ అయానమరా?

ములుగు, ఏటూరునాగారం వైపు బడుల్లో ఆరేడేళ్ల పిల్లల మొదటి శాశ్వత దవడ పళ్లకు సీలెంట్లు (గాడుల్లో పుచ్చు పట్టకుండా వేసే పూత) వేస్తున్నవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. ఉమ్మి పీల్చే సక్షన్ లేదు, దూది రోల్సే దిక్కు.

పద్ధతి మామూలే: పేస్టు లేకుండా బ్రష్‌తో గాడి శుభ్రం, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ 30 సెకన్లు (ఎచింగ్, అంటే పూత పట్టేలా పంటి పైపొరను గరుకు చేయడం), బాగా కడగడం, సుద్దలా తెల్లబడేదాకా గాలి, పల్చగా రెసిన్ (లైటుకు గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పూత), 20 సెకన్లు లైటు. పై దవడలో నిలుస్తోంది. కింద, అదీ వెనక భాగాన చిగురు ఇంకా పంటి మీదికి కప్పుకొని ఉన్నచోట, ప్రోబ్‌తో గీరితే పొర లేచి వస్తోంది. కంప్రెసర్ గాలిలో నూనె తుంపర లేదని అద్దం మీద పట్టి చూసినం, లైటు చార్జింగ్ కూడా సరిగ్గానే ఉంది. కాబట్టి అనుమానం ఉమ్మి మీదే. ఎచ్ చేసిన పంటికి అది తగిలితే మళ్లీ ఎచ్ చేయాల్సిందే, సరే. ఏడేళ్ల పిల్లగాని నాలుకను ఎవరు ఆపాలె?

చిగురు దిగేదాకా, పంటికి అతుక్కునే సిమెంటైన గ్లాస్ అయానమర్‌ను వేలితో నొక్కి, పైన వాజలిన్ పూసి వదిలేద్దామా? అది తొందరగా అరుగుతుంది గానీ తడిని ఓర్చుకుంటది, ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. పన్ను పూర్తిగా వచ్చినంక దాని మీదే రెసిన్ వేస్తున్నారా, గీకి తీసేస్తున్నారా? రెసిన్ కింద, దాన్ని పంటికి పట్టించే బాండింగ్ ఏజెంట్ పూత వేస్తే కింది దవడలో తేడా కనబడ్డదా? ఫ్లోరోసిస్ మచ్చలున్న పళ్లకు ఎచింగ్ ఎన్ని సెకన్లకు పెంచుతున్నారు?