మా దేవుళ్లు మంత్రివర్గంలా ఉన్నారంట, ఎక్కడ తప్పాను?

రొయ్యలగుంట:
ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద పని నాది. రాత్రిళ్లు ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపూ మేలుకొని ఉండాలి. కరెంటు పోయిందంటే పరుగెత్తి జనరేటర్ వెయ్యాలి, లేదంటే గాలి అందక తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. ఆ మెలకువలో ఫోన్‌లో ఒక ఫాంటసీ నవల రాసుకుంటున్నా. రెండేళ్లయింది. లోకం పేరు ఉప్పుమేర. మూడు వైపులా సముద్రం, మధ్యలో ఒకే నది, అదీ ఏడాదిలో చాలా నెలలు ఇసకే. పెన్నను చూసి పెరిగినోడికి ఇంకో రకం నది యాడ తోస్తుంది.

దేవుళ్లు పన్నెండు మంది. ఎక్సెల్‌లో రాసి పెట్టుకున్నా: పేరు, అధికారం, ఆయుధం, వాహనం, పండగ. కడలయ్యకి సముద్రం, నివురమ్మకి నిప్పు, తూరుపయ్యకి గాలి, ఇట్టా. 600 ఏళ్ల కిందట అందరూ కూర్చుని లోకాన్ని పంచుకున్నారు. అప్పట్నుంచి అంతే.

మా బావకి మూడు అధ్యాయాలు పంపించా. "ఏంది బావా, ప్రమాణస్వీకారం మర్నాడు పేపర్లో వేసే శాఖల లిస్టులాగుందే" అన్నాడు. రెండ్రోజులు అన్నం సయించలేదు. కోపం వాడి మీద కాదు, వాడన్నది నిజమైనందుకు. మా ఊళ్లో కష్టమొస్తే ఇది ఏ దేవుడి శాఖ అని ఎవరూ వెతుక్కోరు కదా. ఎట్టా సరిచెయ్యాలో చెప్పండి.

కందుకూరోడు:
తమ్ముడూ, 600 ఏళ్లలో నీ లోకంలో ఒక్క జబ్బు రాలేదా, ఒక్క జబ్బు పోలేదా?

మా నాయనమ్మ మశూచిని కళ్లారా చూసిన మనిషి. పేరెత్తనిచ్చేది కాదు, "అమ్మవారు పోసింది" అనాలి. గుమ్మానికి వేపాకు కట్టాలి, పొయ్యి మీద తాలింపు పడకూడదు. 1980లో మశూచి ఈ భూమ్మీద లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. నీ ఎక్సెల్ లెక్కన పోలేరమ్మకి ఆ రోజుతో పని అయిపోవాలి. అయిందా? ఇప్పటికీ పొంగళ్లు పెడుతూనే ఉన్నారు. మా ఇంట్లో ఆటలమ్మ వచ్చినా అదే నియమం. చిన్నప్పుడు నాకు పోసినప్పుడు పదిరోజులు చప్పటి పప్పే తిన్నా.

పన్నెండు మందిలో ఒకరి పని ఊడబెరుకు. ఆ గుడి పూజారి తర్వాతి ఏడాది ఏం చేస్తాడో రాయి.

పెన్నగట్టు:
నాకు అడ్డం పడ్డది "పంచుకున్నారు" అన్న మాట. పంపకం అంత సాఫీగా అయితే ఇక కథేముందండీ? మన నెల్లూరే చూడండి. పెన్న ఒడ్డున రంగనాయకులు, మూలాపేటలో మూలస్థానేశ్వరుడు. 13వ శతాబ్దంలో శైవులకీ వైష్ణవులకీ పడని కాలంలో, ఇక్కడి మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. శివుడూ విష్ణువూ ఒకే రూపంలో. ఎంత గొప్ప రాజీ! కానీ ఇప్పుడు మన చుట్టుపక్కల ఆయనకి గుళ్లెన్ని, విడివిడిగా శివుడికీ విష్ణువుకీ గుళ్లెన్ని, మీరే లెక్కేసుకోండి. మీ కథలోనూ ఒక కవి కలిపిన దేవుడు ఉండాలి. పండితులంతా మెచ్చుకోవాలి, కొబ్బరికాయ కొట్టేవాళ్లు మాత్రం పాత గుడికే పోతుండాలి.

చదువురొట్టె:
మీరిద్దరూ పూజారుల దగ్గరే ఆగిపోయారు. మొక్కుకునేవాళ్ల సంగతి?

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా అమ్మ నెల్లూరు రొట్టెల పండగలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి నాకోసం చదువు రొట్టె పట్టింది. ఇచ్చినావిడ ఎవరో ముస్లిం ఆవిడ. వాళ్లబ్బాయి పాసయ్యాడంట, మొక్కు తీరిందని వదులుతోంది. మా అమ్మ తలమీద కొంగు కప్పుకుని, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి అక్కడే తుంచి తినింది. నేను పాసయ్యాక మేమూ ఓ రొట్టె చేసుకుపోయి ఇంకెవరి చేతిలోనో పెట్టాం. ఇప్పుడు వీసా రొట్టె కూడా ఉంది. ఆ దర్గాలోని పన్నెండుగురు అమరులు వీసా పేరు విని ఉంటారా? పక్కవాళ్లు అడిగారు, వీళ్లిచ్చారు, కొత్త రొట్టె పుట్టింది. మీ దేవుళ్లకి శాఖలిచ్చింది మీరు. జనాన్ని ఇయ్యనీండి.

రొయ్యలగుంట:
అందరికీ దండాలు. ఎక్సెల్ తీసెయ్యలేదు (రెండేళ్ల కష్టం, మనసొప్పలేదు), పేరు మాత్రం "పాత మంత్రివర్గం" అని మార్చా.

నివురమ్మ ఇప్పుడు నిప్పు దేవత కాదు. ఉప్పు మడుల కూలీలకి వచ్చే ఒక జ్వరానికి అమ్మవారు. జ్వరం పోయి మూడు తరాలైంది. అయినా ఆమె వారంలో పొయ్యి రాజేసేటప్పుడు నోటితో ఊదరు, విసనకర్రతోనే విసురుతారు. ఒక పిల్లాడు ఊదబోతే ముసలమ్మ చేతిమీద గరిటెతో ఒక్కటేసింది. ఎందుకని వాడడిగితే, "మా అత్త నన్నూ కొట్టింది" అనింది. నిన్న రాత్రి ఈ ఒక్క ముక్కే రాశా, పన్నెండు మంది గురించి రాసినప్పటికన్నా హాయిగా ఉంది.

కందుకూరన్నా, తాలింపు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టేవాళ్లు?

కందుకూరోడు:
తలకి పోసిన రోజు. వేపాకూ పసుపూ వేసిన నీళ్లు ఎండలో పెట్టి, వెచ్చబడ్డాక పోసేవాళ్లు. ఆ సాయంత్రం మా నాయనమ్మ చారుకి తాలింపు పెడితే, ఆ ఘాటుకి పక్కింటామె గోడ అవతల నుంచే అడిగేది: "ఏమత్తా, అమ్మ వెళ్లిందా?"