హ్యాండ్‌కార్ట్ ట్రెక్: పిల్లల్ని పస్తు పెట్టి, బొమ్మ బిడ్డని పాతిపెట్టించాలా?

వంటబండి (లీహై, యూటా)

అందరికీ నమస్తే. పదకొండేళ్ళుగా యూటాలో ఉంటున్నాం, కడవరి దిన పరిశుద్ధుల సంఘం వాళ్ళం. మార్మన్లు అంటేనే చాలామందికి తెలుస్తుంది. వచ్చే జూలైలో మా స్టేకు (అంటే ఈ చుట్టుపక్కల మా సంఘాలన్నీ కలిసిన విభాగం) పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని వయోమింగ్‌లోని మార్టిన్స్ కోవ్‌కి ట్రెక్‌కి తీసుకెళ్తోంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1856లో, ఎడ్లబండి కొనే స్తోమత లేని మా సంఘం వలసదారులు, ఎక్కువమంది ఇంగ్లండు, స్కాట్లండు, డెన్మార్క్ పేదలు, అయోవా సిటీలో రైలు దిగి అక్కణ్ణుంచి సాల్ట్ లేక్ దాకా రెండు వేల కిలోమీటర్లు చేతిబండ్లు లాక్కుంటూ నడిచారు. వాళ్ళ గుర్తుగా ఇక్కడి పిల్లలు పాతకాలం గౌన్లు, టోపీలు వేసుకుని మూడు రోజులు బండ్లు లాగుతారు.

కమిటీలో నాకు వంట పడింది. మా ఆయనకీ నాకూ 'మా-పా' పని కూడా ఇచ్చారు, అంటే ఆ మూడు రోజులూ తొమ్మిదిమంది పిల్లలకు అమ్మానాన్నలం. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, తనూ వస్తోంది, వేరే కుటుంబంలో.

అసలు విషయం. మొదటి రాత్రి భోజనం బదులు గిన్నెడు పల్చటి చారునీళ్ళు, ఒక రొట్టె ముక్క మాత్రమే ఇవ్వాలని కమిటీలో ఒకాయన పట్టుబడుతున్నారు. 'ఆకలి తెలియాలి' అంట. ప్రతి బండికీ పిండి సంచితో చేసిన ఒక బొమ్మ బిడ్డ. రెండో రోజు కొన్ని బండ్ల బిడ్డలు 'చనిపోతారు', పిల్లలే గుంట తీసి పాతిపెట్టాలి. ఆ తర్వాత మగపిల్లల్ని పక్కకు పంపేసి ఆడపిల్లలే గుట్ట మీదికి బండ్లు లాగాలి. గరిటె పట్టుకున్నదాన్ని కాబట్టి మొదటి దానికి నేనే ఊ కొట్టాలి. నాకు మనసొప్పట్లేదు. కానీ యూటాలో పుట్టనిదాన్ని, నాదేమైనా చాదస్తమా అని అనుమానం. మీరేమంటారు?

పాత_చెప్పులు

అమ్మా, నేను రెండుసార్లు పా గా వెళ్ళాను. మీ కమిటీ ఆయన వైపే నా ఓటు, బొమ్మ సంగతి మినహాయించి.

మన పిల్లలకి ఆకలంటే ఫ్రిజ్‌లో తమకి నచ్చినది లేకపోవడం. ఒక్క పూట, గట్టిగా పన్నెండు గంటలు, కడుపు కాస్త ఖాళీగా ఉంటే ఏమవుతుంది? ప్రతి నెలా ఒక ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండే సంఘం మనది. మా అబ్బాయి ట్రెక్ నుంచి వచ్చాక వాళ్ళ నాన్నమ్మకి ఫోన్ చేసి 'నువ్వు చిన్నప్పుడు స్కూలుకి ఎంత దూరం నడిచావు' అని అడిగాడు. అంతకుముందు పదహారేళ్ళలో ఆవిడని ఒక్క ప్రశ్న అడిగినవాడు కాదు.

ఆడపిల్లల లాగుడు మాత్రం తీసేయకండి. మా అమ్మాయి ఇప్పటికీ చెప్పుకునేది అదే.

రికార్డుల_పిచ్చోడు

అంకుల్‌తో సగం ఏకీభవిస్తాను, మిగతా సగం గురించి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

ఆడపిల్లల లాగుడు దగ్గర చాలా ట్రెక్‌లలో ఏం చెప్తారంటే, మగవాళ్ళంతా మార్మన్ బెటాలియన్‌లో చేరి సైన్యంలోకి వెళ్ళిపోయారు, అందుకే ఆడవాళ్ళు లాగారు అని. బెటాలియన్ చేరింది 1846 జూలైలో, వాళ్ళని విడుదల చేసింది 1847లో. చేతిబండ్లు మొదలయింది 1856లో. మధ్యలో తొమ్మిదేళ్ళు! భర్త చనిపోయో, జబ్బుపడి బండిలో పడుకునో ఉంటే ఆడవాళ్ళు లాగిన మాట నిజం. ఆ నిజం చెప్పి లాగిస్తే సరిపోతుందిగా.

రెండోది, 1856లో మంచులో చిక్కుకున్న మార్టిన్ దళం వయోమింగ్‌లో దాటిన స్వీట్‌వాటర్ నది. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ముగ్గురు గడ్డకట్టే నీళ్ళలో దాదాపు అందర్నీ మోసి దాటించి, ఆ చలి దెబ్బకే తర్వాత చనిపోయారని చెప్పి పిల్లల్ని ఏడిపిస్తారు. పాత డైరీలు, లేఖలు వెతికినవాళ్ళకి తేలిందేమిటంటే, సాయపడింది ముగ్గురు కంటే ఎక్కువమంది, చాలామంది వాళ్ళంతట వాళ్ళే నడిచి దాటారు, ఆ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి బతికారు. వాళ్ళలో డేవిడ్ కింబల్ పోయింది 1883లో. వాళ్ళు చేసింది తక్కువ పనేం కాదు. దానికి కట్టుకథ తగిలించాల్సిన అవసరమే లేదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. 1856 నుంచి 1860 వరకు మొత్తం పది దళాలు, దాదాపు మూడు వేల మంది. అందులో ఎనిమిది దళాలు పెద్ద ఆపద లేకుండా చేరాయి. మొదటి దళం 1856 సెప్టెంబరు 26న సాల్ట్ లేక్‌లో దిగింది. విపత్తు వచ్చింది విల్లీ, మార్టిన్ దళాలకి. ఎందుకు? ఆలస్యం. విల్లీ దళం అయోవా సిటీ వదిలింది జూలై 15న, మార్టిన్ దళం జూలై 28న. బండ్లు తొందర తొందరగా పచ్చి చెక్కతో చేశారు. ఎండకి చెక్క ఎండి చక్రాల ఆకులు ఊడేవి, ఇసుక ఇరుసుల్ని తినేసేది. కందెన లేక పంది కొవ్వు, సబ్బు పూసేవాళ్ళు, అవి తినాల్సిన, వాడాల్సిన సరుకులు. నెబ్రాస్కాలో ఫ్లోరెన్స్ దాటాక ఒక్కో బండి మీద అదనంగా 98 పౌన్ల పిండి బస్తా ఎక్కించారు. తర్వాత విల్లీ దళం సరుకుల బండ్లు లాగే ఎద్దులు దాదాపు 30 బెదిరి పారిపోయాయి. అక్టోబరు 19న మంచు తుఫాను. రెండు దళాల్లో కలిపి చనిపోయినవాళ్ళు 200 పైనే.

ఫ్లోరెన్స్‌లో ఆగస్టు 13న మీటింగ్ పెట్టారు. లీవై సావేజ్ అనే ఉపనాయకుడు లేచి, ఇప్పుడు బయల్దేరితే ముసలివాళ్ళు, బలహీనులు చచ్చిపోతారు, చలికాలం ఇక్కడే ఆగుదాం అన్నాడు. బర్మాలో మిషనరీగా పనిచేసి, కలకత్తా మీదుగా ప్రయాణాలు చేసి వచ్చిన మనిషి, అనుభవం ఉన్నవాడు. మిగతావాళ్ళు ఆయన మాట కొట్టేశారు. సరే, మీరు వెళ్తున్నారు కాబట్టి నేనూ వస్తాను, మీతోపాటే కష్టపడతాను, చావాల్సొస్తే చస్తాను అన్నాడు. అన్నట్టే వెళ్ళాడు.

ఇప్పుడు చెప్పండి, పిల్లలకి చెప్పాల్సింది ఈ మీటింగా, పిండి సంచి బిడ్డా? బొమ్మని పాతిపెట్టించి 'ఎంత విశ్వాసమో' అంటారు. ఆ బిడ్డ ఎందుకు చనిపోయిందని ఎవరైనా అడుగుతారా? నాకయితే ఆ ప్రశ్న పిల్లల నోట రావాలి.

నర్సమ్మ_ఫీనిక్స్

చరిత్ర మీరు చూసుకోండి, నేను ఒంటి సంగతి మాట్లాడతాను. 2016 జూన్‌లో ఓక్లహోమాలో ఇలాంటి ట్రెక్‌కే వెళ్ళిన ఒక యువతి ఎండదెబ్బకి చనిపోయింది. పిల్లలతో పాటు వెళ్ళిన పెద్దవాళ్ళలో ఒకరు.

రాత్రి పస్తు, పొద్దున బరువు లాగుడు, మార్టిన్స్ కోవ్ దగ్గర ఎత్తు దాదాపు ఆరు వేల అడుగులు, పొడిగాలి, జూలై. ఇవన్నీ కలిస్తే కళ్ళు తిరిగి పడేది మొదట మీ 'బలమైన' పిల్లలే, ఎందుకంటే వాళ్ళే ఆగరు. పాత చెప్పులు గారూ, ఉపవాసం రోజు మనం ఏసీలో కూర్చుని పాటలు పాడతాం, బండి లాగం.

ఇంకోటి. ఆ గుంపులో ఇన్సులిన్ తీసుకునే పిల్లవాడు ఉండొచ్చు. తిండితో రహస్యంగా యుద్ధం చేస్తున్న ఆడపిల్ల కచ్చితంగా ఉంటుంది, తల్లికి కూడా తెలియకుండా. అలాంటి పిల్లకి 'తినకపోవడమే భక్తి' అని నేర్పకండి దయచేసి.

వంటబండి అక్కా, నీళ్ళొక్కటే తాగిస్తూ పోకండి, ఉప్పు కూడా వెళ్ళాలి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. సమానంగా గీసిన చెంచాలు, గుట్టగా పోసినవి కాదు. ఉప్పు మజ్జిగ ఇవ్వగలిగితే మరీ మంచిది. కొత్త బూట్లతో వచ్చినవాళ్ళని బస్సు ఎక్కనివ్వకండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

పదిహేడేళ్ళు

నా తెలుగు టైపింగ్‌లో తప్పులుంటే సారీ. అమ్మ ఈ పేజీ చూపించింది. నేను పద్నాలుగేళ్ళప్పుడు వెళ్ళాను, వేరే స్టేకుతో. మాకూ బొమ్మ బిడ్డ ఉంది. మేం దానికి పేరు పెట్టి, జోకులు వేసుకుంటూ మోశాం. రెండో రోజు ఒక ఆంటీ వచ్చి బొమ్మని తీసుకుని తెల్లగుడ్డ కప్పింది. మేం నవ్వాం. అప్పుడు అందర్నీ కూర్చోబెట్టి ఎలా అనిపిస్తోందో ఒక్కొక్కరూ చెప్పమన్నారు. కొందరు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, నాలో ఏదో లోపం ఉందేమో అని ఆ రాత్రంతా ఆలోచించాను. మా ట్రెక్ కుటుంబంలో ఒక అమ్మాయికి ఆ ఏడాదే నిజంగా చిన్న తమ్ముడు చనిపోయాడు. తను టెంట్‌లోంచి బయటికి రాలేదు. ఆ విషయం ఎవరూ ముందు అడగలేదు.

నాకు గుర్తున్న మంచి సంగతి చెప్పాలా? మూడో రోజు మా బండి చక్రం ఇరుక్కుపోయింది. ఎవరో తెలియని వాళ్ళు వెనక నుంచి వచ్చి తోసి, ఏం మాట్లాడకుండా తమ బండి దగ్గరికి వెళ్ళిపోయారు. దాన్ని ఎవరూ ప్లాన్ చేయలేదు.

పాత_చెప్పులు

నాన్నా, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. బొమ్మ నేను ముందే వద్దన్నాను. నర్సమ్మ గారికీ ఒప్పుకుంటున్నాను, పస్తు వద్దు. కానీ అంతా తీసేస్తే మిగిలేది పిక్నిక్. బరువు ఉండాలి. ఫోన్ ఉండకూడదు. పొద్దున్నే లేపాలి. ఇంతకంటే తగ్గను.

గుండ్లకమ్మ

నేను మీ సంఘం కాదు, ఒంగోలు బాప్టిస్టుని, డాలస్‌లో ఉంటాను. చదువుతూ ఉండలేక రాస్తున్నా.

1876-78 కరువులో మా ప్రాంతం వాళ్ళు బకింగ్‌హాం కాలువ తవ్వి ప్రాణం నిలుపుకున్నారు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు మూడు మైళ్ళ పైన కాలువ కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మా ముత్తాత తండ్రి తవ్వినవాళ్ళలో ఒకడని ఇంట్లో చెప్తారు. మా చర్చిలో ఏటా ఆ కథ చెప్పుకుంటాం. కానీ ఏ పాస్టరూ పిల్లల చేతికి పలుగులిచ్చి, గంజి పోసి, 'మీ తాతల కష్టం తెలుసుకోండి' అనలేదు. కరువు చూసినవాళ్ళు కరువు ఆట ఆడరండీ. మా నాయనమ్మ అన్నం మెతుకు కింద పడితే ఏరి కళ్ళకద్దుకునేది, మాకు ఆ పాఠం చాలింది.

రికార్డుల_పిచ్చోడు

గుండ్లకమ్మ గారూ, మాట బాగుంది గానీ మీకు నాయనమ్మ ఉంది. ఇక్కడి పిల్లలకి 1856 చూసినవాళ్ళు ఎవరూ లేరు. మెతుకు ఏరేవాళ్ళు పోయాక ఆ జ్ఞాపకం ఎలా నిలవాలి? చదివితే నిలవదు, నేను చూశాను. కాళ్ళు నొప్పెడితే కొంచెం నిలుస్తుంది. తిరుమల మెట్లెక్కినవాళ్ళని అడగండి.

గుండ్లకమ్మ

మెట్లెక్కేవాడు దేవుణ్ణి చూడటానికి ఎక్కుతాడు. ముందు ఎక్కినవాడి కాళ్ళ నొప్పి నటించడానికి ఎక్కడు. తేడా అక్కడుంది. నడిపించండి, నేను వద్దనట్లేదు. నటింపజేయొద్దంటున్నా.

సికింద్రాబాద్_స్టేకు

అక్కా, ఇక్కణ్ణుంచి ఒక ప్రశ్న. హైదరాబాద్‌లో స్టేకు ఏర్పడింది 2012లో, దేశంలో మొదటిది. మా యువత కూడా ఆ ఫోటోలు చూసి 'మనమూ ట్రెక్ చేద్దాం, టోపీలు కుట్టిద్దాం' అంటున్నారు. నేను వద్దన్నాను. మనకి పయనీర్లు అంటే 1978 డిసెంబరులో సమోవా నుంచి హైదరాబాద్ వచ్చి, తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించిన ధర్మరాజు దంపతులు. మార్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఎల్సీ ధర్మరాజు గారి నాన్నగారు, ఆయన బాప్టిస్టు బోధకుడు! ఆ కథ మా పిల్లల్లో సగం మందికి తెలియదు, మార్టిన్ దళం మాత్రం తెలుసు. మీ అమ్మాయికి తెలుసా?

వంటబండి

తెలియదు. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే. నిన్న రాత్రి చెప్పాను.

నిన్ననే కమిటీ కూర్చుంది. ఇక్కడ మీరు రాసినవి నా నోటితో చెప్పాను. పదిహేడేళ్ళ బాబు రాసింది మాత్రం ఇంగ్లీషు చేసి యథాతథంగా చదివాను. గది కాసేపు చప్పుడు లేదు. పస్తు పోయింది, దాని మీద వాదన కూడా పెద్దగా జరగలేదు, ఇద్దరు పిల్లలు ఇన్సులిన్ మీద ఉన్నారని ఫారాల్లో తేలింది. బొమ్మ బిడ్డ మీద మాత్రం తెగలేదు. ఆ పెద్దాయనకి తన ముత్తవ్వ తరం ఆవిడ మార్టిన్ దళంలో బిడ్డని పోగొట్టుకుంది. ఆయనకిది నాటకం కాదని అప్పుడు అర్థమైంది నాకు. బొమ్మ బదులు ఆ తల్లి కథ మీరే చెప్పండి, మా పిల్లలు వింటారు అన్నాను. ఆలోచిస్తానన్నారు. ఆడపిల్లల లాగుడు ఉంది, బెటాలియన్ కథ లేకుండా. సావేజ్ మీటింగ్‌ని మొదటి రాత్రి మంట చుట్టూ కూర్చుని పిల్లలే జరపాలని, నిజంగా ఓటు వేయాలని ఒకరు అన్నారు. ఓటు 'ఆగుదాం' అని వస్తే పొద్దున బండ్లు ఎవరు లాగుతారని మా ఆయన అడిగాడు, ఎవరికీ జవాబు తట్టలేదు.

మొదటి రాత్రికి సూప్, రొట్టె, కడుపునిండా. రెండో రోజు మధ్యాహ్నం మాత్రం నా ఇష్టమన్నారు కాబట్టి పులిహోర. పాడవదు, ఉప్పూ ఉంటుంది. నూట నలభై మందికి. సాల్ట్ లేక్ దగ్గర ఎవరి దగ్గరైనా పెద్ద గుండిగలు ఉన్నాయా? రెండు కావాలి, మూతలతో.

పాత_చెప్పులు

వెస్ట్ వ్యాలీలో మా ఇంట్లో ఒకటుంది, పెళ్ళిళ్ళకి వాడేది. మూత కాస్త సొట్టపోయింది. శనివారం వచ్చి తీసుకెళ్ళండి.