అక్కాదియన్‌ను చంపింది అరామిక్ అక్షరాలేనా?

మట్టిపలక:
వేరే చర్చలో ఒకరు తేల్చేశారు, తర్వాత దాని చోటుకి వచ్చిన అరామిక్ భాషకి 22 అక్షరాలే, అక్కాదియన్ (ఇప్పటి ఇరాక్‌లోని పాత బాబిలోన్, అస్సీరియా వాళ్ల భాష) రాయాలంటే మట్టిపలకల మీద నొక్కే వందల క్యూనిఫాం గుర్తులు నేర్చుకోవాలి, అందుకే జనం సులువైనదానికి మారిపోయారని. నాకిది అస్సలు మింగుడుపడటం లేదు. ఆ గుర్తులతోనే ఆ భాష రెండు వేల ఏళ్లకు పైగా నడిచింది కదండీ! క్రీ.పూ. 14వ శతాబ్దంలో బాబిలోన్ రాజూ, కనానులోని చిన్న చిన్న పాలకులూ ఈజిప్టు ఫారోకి రాసిన ఉత్తరాలు ఈజిప్టులోని అమర్నాలో దొరికాయి, దాదాపు అన్నీ అక్కాదియన్‌లోనే. అప్పుడు అడ్డురాని కష్టం తర్వాత ఎలా అడ్డొచ్చింది?

టైగ్రిస్ ఒడ్డు:
అప్పుడు పోటీ లేదు, అంతే. అస్సీరియా రాజు రెండో సర్గాన్ కాలంలో (క్రీ.పూ. 8వ శతాబ్దం) దక్షిణాన ఉర్ నగరం నుంచి ఒక అధికారి, ఇకమీదట అరామిక్‌లో తోలు మీద రాసి పంపుతానని రాజునే అడిగాడు. కుదరదు, అక్కాదియన్‌లోనే రాయమన్నాడు రాజు. అలా అడిగే దాకా వచ్చిందంటే ఆఫీసు పని అప్పటికే ఎటు వాలిందో తెలియడం లేదా? అస్సీరియా రాజభవనాల శిల్పాల్లో కూడా ఇద్దరు లేఖరులు పక్కపక్కనే ఉంటారు, ఒకరి చేతిలో అక్కాదియన్‌కి పలక, ఇంకొకరి చేతిలో అరామిక్‌కి రాత చుట్ట.

మట్టిపలక:
ఆ ఉత్తరం లేఖరుల సంగతి చెబుతుంది, జనం సంగతి కాదు. చదవడం రాయడం వచ్చినవాళ్లే కొద్దిమంది, ఇంట్లో తల్లి బిడ్డతో మాట్లాడటానికి లిపితో పనేముంది? మూడో తిగ్లత్-పిలేసర్ నుంచి అస్సీరియా రాజులు గెలిచిన ఊళ్ల జనాన్ని వేల మందిని పెకలించి తెచ్చి తమ నేల మీదే దింపారు, క్రీ.పూ. 732లో పడిన డమాస్కస్ లాంటి అరామిక్ రాజ్యాల వాళ్లతో సహా. అంతకుముందే వలస వచ్చి స్థిరపడిన అరామిక్ తెగలు ఉండనే ఉన్నాయి. సైన్యంలో, బజారులో, పొలాల్లో వాళ్ల మాటే వినిపిస్తుంటే అక్కాదియన్ ఎన్ని తరాలు నిలుస్తుంది? నా లెక్కలో ఆ సామ్రాజ్యమే తన భాషకు గొయ్యి తవ్వింది. అస్సీరియా రాజధాని నినెవె క్రీ.పూ. 612లో, బాబిలోన్ 539లో పడ్డాక నిలబెట్టే రాజు కూడా లేడు.

గుడి లెక్కలు:
ఇద్దరూ ఒక్క చావు గురించే మాట్లాడుతున్నారు. ఇళ్లలో పోయాక కూడా గుళ్లలో అది వందల ఏళ్లు బతికింది. గ్రీకు వంశపు రాజు మొదటి ఆంటియోకస్ బాబిలోన్ దగ్గరి బోర్సిప్పా గుడి పునాదిలో పెట్టించిన శాసనం అక్కాదియన్‌లోనే ఉంది, క్రీ.పూ. 268 నాటిది. ఖగోళ లెక్కల పలకలైతే క్రీ.శ. మొదటి శతాబ్దం దాకా దొరికాయి. లిపి కష్టమే చంపి ఉంటే గ్రహాలు లెక్కగట్టేవాళ్లు అన్నాళ్లు పట్టుకుని ఉండేవారా? మట్టిపలక గారూ, రాజు లేకపోవడం వల్లే అనే మీ మాటకీ ఇది అడ్డే. ఆ గుళ్లకు భూములు, ఆదాయం ఎప్పుడు ఆగాయో అక్కడ వెతకండి.