పిల్లల స్వెట్టర్‌కి సూపర్‌వాష్ కాని, మెత్తటి మన దేశపు ఊలు ఏది?

మాది నరసాపురం దగ్గర. ఢిల్లీలో ఉండే ఆరేళ్ల మేనకోడలికి స్వెట్టర్ అల్లాలి. 4 మి.మీ. సూదులు, మధ్యరకం లావు దారం, 300 గ్రాములు కావాలి.

ఇక్కడా పాలకొల్లులోనూ షాపుల్లో ఊలు అని ఇచ్చినవన్నీ కొస కాల్చి చూశాను. కరిగి గట్టి పూసలా అయ్యాయి, అంటే అక్రిలిక్ లాంటివే. అసలు ఊలైతే కాలిన వెంట్రుకల వాసన వచ్చి, బూడిద పొడిగా నలుగుతుంది. అక్రిలిక్ ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి, మా వాడుక నీళ్లు పోయేది పంట కాలువలోకే. అందుకే వద్దనుకున్నాను.

ఆన్‌లైన్‌లో మెరినో (మెత్తటి రకం గొర్రె ఊలు) తెప్పించాను. అసలుదే కానీ సూపర్‌వాష్. మెషీన్‌లో ముడుచుకోకుండా మామూలుగా క్లోరిన్ పట్టించి పైన పాలిమర్ పూత వేస్తారు, ఇక ప్లాస్టిక్ తప్పించుకున్నట్టేముంది? రంగు వేయని దక్కని గొర్రెల ఊలూ చూశాను. గొంగళికి బ్రహ్మాండం, పిల్ల మెడకి మాత్రం గుచ్చుకుంటుంది. వెనిగర్ నీళ్లలో నానబెట్టినా అంతే. సేంద్రియ పోగులకీ, వాటికి వాడే రంగులకీ ప్రమాణమైన జి.ఓ.టి.ఎస్. ముద్ర ఉన్నవి నాకు విదేశీవే కనిపించాయి, రవాణా ఖర్చే దారం ధరంత ఉంది. ఆర్.డబ్ల్యు.ఎస్. ముద్ర గొర్రెల పెంపకానికి సంబంధించింది, రంగులకి కాదు.

చేత్తో ఉతకడానికి ఇబ్బంది లేదు. సూపర్‌వాష్ చేయని, రంగు వేయని, పిల్లలకి గుచ్చుకోని మన దేశపు ఊలు మీరు స్వయంగా అల్లి చూసింది ఏది?